నికర బరువు

రొయ్యల మేత సంచులు కాలవలో ఉతికి
కత్తిరిస్తే నాలుగు జతల రెక్కలొచ్చాయి.
వాసన పోలేదు.
కొబ్బరిపీచు గడ్డం కట్టగానే
యోసేపుకి ఒకటే తుమ్ములు.
ముగ్గురు జ్ఞానులకీ కలిపి ఒక్క కిరీటం,
టీ పొట్లాల వెండి కాగితంతో.
బోళం అంటే ఏంటి టీచరూ?
అమృతాంజనం సీసా పట్టుకోరా.

నరసాపురం ఏజెంటు
మరకుందని తిప్పి పంపిన లేసుముక్క
తబితమ్మ తెచ్చి
బొమ్మ యేసుకి కప్పింది.
"ఇరవయ్యేళ్లుగా అల్లుతున్నాను,
మన పేటలో ఉండిపోయింది ఇదొక్కటే."

గబ్రియేలు మా సలోమి.
'భయపడకుము' అనేసి
గబుక్కున వెనక్కి తిరిగింది.
రెక్క మీద చెరగని అచ్చు:
నికర బరువు ఇరవై అయిదు కిలోలు.

తూస్తే
పిల్ల అంత ఉండదు.