పలక కొలత

నాకు కావలసింది ఒక్క కొలతే.
ఇత్తడి పలక ఎంత పొడుగు, ఎంత వెడల్పు,
అక్షరాలు ఎన్ని వరుసలు.
తొమ్మిదేళ్లుగా అడుగుతున్నాను.

సారాయెవోలో, మిల్యాట్స్కా ఏటి ఒడ్డున, మేడమీద గది.
ఆరు దేశాల వాళ్లు ఒకే బల్ల చుట్టూ.
ఆ బల్లా నేను చేసిందే.
ఒక కాలు పొట్టి, కింద అట్టముక్క పెట్టాను,
ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

పోలండ్‌లో, ఆ శిబిరంలో, మాకో గది ఉంది.
మా దేశం ఒక్కటిగా ఉన్నప్పుడు ఇచ్చారు.
దేశం ముక్కలైంది.
గదిని పంచుకోవడం ఎవరికీ చేతకాక
తాళం వేశారు.

ఇక్కడ అందరికీ అందరి మాటా అర్థమవుతుంది.
అయినా చెవులకు హెడ్‌ఫోన్లు.
విరామంలో అవి తీసేసి
ఒకే గిన్నెలో రొట్టె ముంచుకు తింటారు.
ఒకామె హ్లెబ్ అంటుంది, ఒకాయన క్రుహ్ అంటాడు,
స్కోప్యే నుంచి వచ్చిన బ్లగోయా నోట్లో
'హ' ఊడిపోయి లెబ్ అవుతుంది.
గిన్నె మాత్రం ఖాళీ.

మేం చూపించబోయేదీ ఒక రొట్టె సంచే.
నారగుడ్డ, మూలన ఎర్రదారంతో రెండక్షరాలు.
దానికి గాజుపెట్టె ఎప్పుడో చేసేశాను.
కింద పలక. పలక మీద ఒక వాక్యం.
ముసాయిదాలో ఇలా ఉంది:
"ఈ సంచి యజమానురాలు ఇంటినుంచి తీసుకుపోబడింది."

వుకొసావా పెన్ను కింద పెట్టింది.
"ఎవరిచేత?"
"జర్మన్లచేత అని రాద్దాం" అన్నాడు జ్దెన్కో.
"జర్మన్లకు ఆ సందు పేరైనా తెలియదు."
అతను కళ్లద్దాలు తీసి తుడిచాడు,
తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు.
"మా తాత ఆ యూనిఫాం తొడిగాడు.
అదిప్పుడు నేనిక్కడ చెప్పాలా?"
చాలాసేపు హీటరు చప్పుడు ఒక్కటే.
"బెల్‌గ్రేడ్‌లోనూ తలుపులుండేవి"
అంది వుకొసావా, మైకు ఆపేసి.

బ్లగోయా చెయ్యెత్తాడు:
"మావాళ్లను ఎక్కించిన రైలు ఈ శిబిరానికి రానేలేదు.
ఇంకోచోటికి పోయింది.
మరి ఈ గోడమీద మాకు చోటుందా?"
బ్రెడా తన ప్లాను కాగితం అతనివైపు తోసింది:
"మా లుబ్లియానా రెండు మీటర్లు మీరు తీసుకోండి."
ఆ రోజు గొడవ లేకుండా
రాసుకున్నది ఆ రెండు మీటర్లే.

నేను మూల కుర్చీలో
టేపు లాగుతూ, వదులుతూ.
"నుస్రెత్, నువ్వేమంటావు?" అంది మునీబా.
వడ్రంగిని అడిగారంటే బాగా అలసిపోయారన్నమాట.
అన్నాను: "నలభై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను.
ఏ బల్లా దానంతటది చేయబడలేదు."

అప్పుడు రికీచా అల్తారాక్, సంచి ఇచ్చిన ముసలావిడ,
కునుకు తీస్తోందనుకున్నాం,
కళ్లు మూసుకునే మొదలుపెట్టింది:

"పోస్ట్‌మ్యాన్ తట్టాడు.
రెండుసార్లు, కాస్త ఆగి, ఇంకోసారి.
ఆ తట్టుడు మా పిన్నికి తెలుసు.
ఉత్తరం వచ్చిందనుకుని పరిగెత్తింది,
చేతులకు పిండి అలాగే ఉంది.
అతని వెనక ఉన్నారు మిగతావాళ్లు."

"పేరు?" అడిగింది మునీబా.

"తెలుసు. చెప్పను.
మొన్నటి ముట్టడిలో వాడి మనవరాలు
నాలుగంతస్తులు నాకు నీళ్లు మోసింది.
షెల్స్ పడుతుంటే మోసింది.
పేరు వద్దు.
తట్టాడు అని రాయండి.
'డు' మాత్రం వదలకండి."

రాశారు. కొట్టేశారు. రాశారు.
'ఊరివాడే' అన్న ఒక్క మాట దగ్గర గంటన్నర.
కిటికీలో ఏరు కనబడకుండా పోయింది.
నలుగురు సంతకం పెట్టారు.
వెల్కో పోద్గోరిత్సకు ఫోన్ చేయాలన్నాడు.
జ్దెన్కో ఎవరికీ ఫోన్ చేయలేదు,
సంతకమూ పెట్టలేదు, వెళ్లిపోనూ లేదు.
రికీచాకు కోటు తొడిగి
మెట్లు దింపాడు, ఒక్కొక్కటే.

నాకు కొలత దొరకలేదు.
అయినా ఇత్తడి కోశాను,
అవసరమనిపించినదానికన్నా నాలుగువేళ్లు పొడుగ్గా.
మిగిలితే మిగలనీ.
చాలకపోతేనే కష్టం.

వ్యాను సరిహద్దు దగ్గర ఆపారు.
కుర్రాడు, కస్టమ్స్ వాడు, టార్చి వేసి చూశాడు:
నురగషీట్ల మధ్య గాజుపెట్టె,
పక్కన ఏమీ చెక్కని పలక.
"లోపలేముంది?"
"ఇంకా ఏమీ లేదు" అన్నాను.
విలువ అన్న గడిలో ఏం రాయాలో
అతనికీ తెలియలేదు.
వెనక లారీలు హారన్ కొడుతుంటే
ఇద్దరం ఆ కాగితం వైపు చూస్తూ నిలబడ్డాం.