మిగతా ఇరవై

శుక్రవారం నాలుగింటికి ఫోన్ మోగితే
అది అచీలే.
విమానాల వాళ్లకు తెర మీద అంకె చాలు.
ఈయనకు నా గొంతు కావాలి.
"ఏం అమ్మాయ్, మీ సూర్యుడు రేపు బుద్ధిగా ఉంటాడా?"

బ్రస్సెల్స్‌ను మబ్బు కమ్మకముందే
ఆ పొద్దున కాగితం మీదికి బింబాన్ని దింపి
పెన్సిల్‌తో మచ్చలు దిద్దాను.
నడిమధ్యన ఒక గుంపు, ఒలికిన ఆవాల్లా.
ఒక్కో ఆవగింజలో మన భూమి ఇమిడిపోతుంది.
అక్కడినుంచి ఏదో బయల్దేరింది,
ఆదివారానికి గానీ రాదంది లెక్క.

"రేపు ఎగరేసుకోండి. నూటికి ఎనభై పాళ్లు భయంలేదు" అన్నాను.
మిగతా ఇరవై ఎవరూ వినరు.
నేనూ కాస్త మెల్లగానే అంటాను.

శనివారం పొద్దున్నే లిమోజ్‌లో బుట్టలు తెరిచారు.
తొమ్మిదింటికి నా తెర మీద గీత
కాలుజారినట్టు పడింది.
కిటికీలో ఆకు కదల్లేదు. ఆకాశం ఉత్త నీలం.
నలభై రెండింటిలో
చీకటిపడేలోగా పంతొమ్మిదే గూడు చేరాయట.

ఈ శుక్రవారం నాలుగు దాటింది.
నాలుగుంపావు.
క్షమాపణ నాలుక మీద పెట్టుకుని కూచున్నాను.
"నిన్న ఒకటొచ్చింది" అన్నాడు హలో కూడా అనకుండా.
"తోకలో మూడు ఈకల్లేవు. ఎక్కడెక్కడ తిరిగిందో చెప్పదు.
సరే, రేపటి మాటేంటి?"

ఇవాళంతా ముసురు.
కాగితం మీద తేదీ, ఖాళీ వలయం.
"అరవై" అన్నాను.

అవతల డబ్బాలో మొక్కజొన్న గలగల.
రెక్కలు.
"మిగతా నలభైలో
ఏముంటుంది అమ్మాయ్?"