నేల ఊడ్చినవాడి లెక్క

మా మాస్టరు తానెలి రౌతియో.
ఫిన్లాండ్ రైతు బిడ్డ. పన్నెండో ఏట
గొర్రెతోలు కోటుతో, రష్యన్ ఒక్క ముక్క రాకుండా
పీటర్స్‌బర్గ్ చేరాడట.
నలభై ఏళ్ల తర్వాత కూడా తిట్టాలంటే
తన భాషలోనే తిట్టేవాడు.
నాకొచ్చిన ఫిన్నిష్ అంతా అదే.

నా పని ఊడ్చడం.
ఆకురాయి రాల్చిన రజను
బల్ల కింది తోలు ఒడిలో పడేది.
దాన్ని తప్పించుకున్నది నా చీపురుకి,
చీపురునీ తప్పించుకున్నది
నేలపలకల సందుల్లోకి.
చేతులు కడిగిన నీళ్లు కూడా పారబోయనిచ్చేవాడు కాదు.
ఏడాదికోసారి మా ఏప్రన్లు కాల్చి
బూడిద తూచేవాడు.

ఆయన చేతి నీలం చూడాలి.
వెండి మీద సన్నని అలలు చెక్కి
గాజుపొడి పరచి, కొలిమిలో పెట్టి, తీసి, అరగదీసి,
మళ్లీ పరచి, ఆరు పుటాలు.
ఐదింటి దాకా పాలనీళ్లు.
ఆరోదానికి, నెవా మీద మంచు పగిలే రోజు.
ఒకసారి ఎందుకో ఏడో పుటం పెట్టాడు.
బిళ్ల టిక్కుమంది. మూడు నెలల పని.
ఎవరినీ తిట్టలేదు.
నాకు ఆ రోజే భయమేసింది.

చేసిన ప్రతి డబ్బీ అడుగున
గురిగింజలో సగమంత ముద్ర:
తన పేరు రెండక్షరాలు, పక్కన వన్నె అంకె యాభై ఆరు.
మూత మీద మాత్రం దుకాణం పేరు.
దొరసానులు మూత చూసేవారు.
అడుగు తిప్పి చూసేది తాకట్టు కొట్టువాడే.

పద్దెనిమిదో సంవత్సరం, చలికాలం.
దుకాణానికి ఎవరిదో తాళం. కట్టెల్లేవు.
నేలపలకలు ఒక్కొక్కటే ఊడదీసి
పొయ్యిలో పెట్టాం.
మార్చికి గదిలో మట్టి తేలింది.
ఆయన బూడిద జల్లించాడు, కడిగాడు,
మూసలో కరిగించాడు.
కందిగింజకి కాస్త పెద్దది.
ముద్ర తీసి దాని పక్కన పెట్టి చూశాడు,
మళ్లీ జేబులో వేసుకున్నాడు.

పిండి అమ్మే ఆవిడ గీటురాయి మీద గీసి
ముఖం చిట్లించింది.
ఇదేం బంగారం? ఎర్రదా, ఆకుపచ్చదా, తెల్లదా?
"అన్నీ" అన్నాడు.
గులాబీరేకులకి వాడింది, ఆకులకి వాడింది,
ఎవరి పెళ్లికో, ఎవరి పదవీ విరమణకో వాడింది.
ఆవిడకేం చెప్పలేదు.

రై పిండి, అరబస్తా కూడా నిండలేదు.
నేనే మోశాను. గోనెకి చిన్న చిల్లు.
ముసలాయన నా వెనకే నడిచాడు,
ఇల్లు చేరేదాకా తల వంచుకుని,
మంచు మీద ఏమైనా రాలిందేమోనని.