సగం గీకిన తీగ

పదింటికల్లా పసుపు బస్సు
గేటు దగ్గర ఒకసారి దగ్గి ఆగింది.
నలభై రెండు మంది. నా దగ్గర కిట్లు నలభై.
ఎప్పుడూ ఇంతే,
ఉత్తరంలో ఒక అంకె, బస్సులో ఇంకో అంకె.

కబ్బన్ పార్కు చెట్ల మీంచి
రాత్రి వాన ఇంకా కారుతోంది.
చెప్పులు విప్పక్కర్లేదని చెప్పేలోపే
గది మెట్ల మీద ఎనభై నాలుగు చెప్పులు.
గుడి అనుకున్నారో, ఎవరిల్లో అనుకున్నారో.

బల్ల మీద ఒక సెల్లు, రెండు పిన్నీసులు,
రబ్బరు బ్యాండు, రూపాయంత అయస్కాంతం,
రెండు మూరల రాగితీగ.
"ఈరోజు మనం మోటారు చేద్దాం" అంటే
ఒక్కరూ నమ్మలేదు.
మోటారంటే అపార్టుమెంటు సంపులో గురకపెట్టేది,
వాచ్‌మన్ మాత్రమే ముట్టుకునేది.
ఒకడు సెల్లుని నాలుకకి ఆనించి చూశాడు,
ఏమీ లేదని పక్కవాడికిచ్చాడు.

భాగీరథి మిస్ హాజరు పుస్తకంతో విసురుకుంటూ
ముట్టుకోకండి, ముట్టుకోకండి అంటున్నారు.
ముట్టుకోడానికే కదా మేడం ఈ గది.
కింద ఆవిరి యంత్రానికి తాడు కట్టాం, బోర్డు పెట్టాం,
అదీ చాలక మునియప్పని కూచోబెట్టాం.

నేను చెప్పేది పదకొండేళ్లుగా ఒకటే.
తీగ మీద కంటికి ఆనని పూత ఉంటుంది.
గరుకు కాగితంతో ఒక కొస మొత్తం గీకండి.
రెండో కొస పైసగమే,
కింది సగం అలాగే ఉండనివ్వండి.
మూడు భాషల్లో చెప్తాను.
ఏ భాషలో చెప్పినా ముప్పై మంది
రెండోదీ మొత్తం గీకేస్తారు.
శుభ్రం చెయ్యమనే కదా పెంచాం.

వెనక బల్ల దగ్గర ఒకమ్మాయి
గరుకు కాగితం తాకనే లేదు.
బొటనవేలి గోటి మీద తీగ ఆనించి
పెన్సిల్ చెక్కే బ్లేడుతో
సొరకాయ చెక్కు తీసినట్టు ఒక్క గీత.
గుండెల మీద చీటీలో పేరు పట్టక
ఓబులేశ్వ దగ్గరే ఆగింది,
రి కాలరు మీదికెక్కింది.
బ్లేడు తీసేసుకోవాలని నిబంధన.
తీసుకోలేదు.

ఎవరు నేర్పారని కన్నడంలో అడిగాను.
నా మెళ్లో కార్డు మీద ఇంటిపేరు కూడబలుక్కుని
తెలుగులోకి దిగింది:
"మాయమ్మ పీణ్యాలో ఫ్యాన్లకి కాయిళ్లు సుడ్తాది మిస్.
ఐతవారం కొసలు గీకేది నేనే.
ఆడ రెండూ మొత్తం గీకాల.
ఈడ మీరు సగమే అంటిరి, నమ్మలే.
మొత్తం గీకి సూస్తి.
అట్ల లాగె, ఇట్ల లాగె, ఆడనే ఊగులాడె.
కొస కత్తిరించి సగమే గీకితి.
సగంసేపు ఇడ్సిపెడితేనే మిస్,
దాని పాటికి అది పోయేది."

నా స్లైడులో ఇదే సంగతి
ఆరు పేరాలు, నాలుగు ఎర్ర బాణాలు.

వేలితో చిన్నగా తట్టింది.
చుట్ట ఒకసారి తలూపింది, తడబడింది,
తర్వాత కంటికి దొరకలేదు.
తిరుగ్తా ఇదె, అని పక్కపిల్ల కేక.
తిరగతాండాది, అని ఈమె.
ఆ మాట రెండిళ్లదీ అని
ఇన్నేళ్లూ నాకు తట్టనే లేదు.

ఆ తర్వాత నేను ఖాళీ.
గదంతా ఆ బల్ల చుట్టూనే.
బస్సు హారను కొట్టేవేళకి పందొమ్మిది తిరిగాయి,
ఒకటి వేడెక్కి ఎవరి వేలో చురుక్కుమంది,
మిగతావి ఊగుతూనే ఉన్నాయి.

నాలుగింటికి లెక్క.
సెల్లులు నలభై. పిన్నీసులు డెబ్భై ఆరు.
అయస్కాంతాలు ముప్పై ఏడు.
ఫారంలో పోయినవి అని ఒక గడి,
పగిలినవి అని దాని పక్క గడి.
పగిలినవి మూడు అని రాసి సంతకం పెట్టాను.

ఈ రాత్రి ఏదో రేకుల ఇంట్లో
గొళ్లేనికి, బాణలికి, కిటికీ ఊచకి,
నిద్రపోతున్న అమ్మ జడపిన్నుకి
ఎవరో ఒక్కోదానికీ ఆనించి చూస్తుంటారు.
అన్నిటికీ టక్కున అతుక్కుంటుంది.
జేబులో మిగిలిన రాగితీగకి మాత్రం
ఎంత ఆనించినా అతుక్కోదు.

మరి పొద్దున ఎట్లా తిప్పింది?