రెండు వేళ్ల దూరం

ఏడురోడ్ల జంక్షను దగ్గర
మూతపడ్డ సైకిల్ షాపు మేడ మీద
నాలుగున్నరకే లైటు వెలుగుతుంది.
తొలి డ్యూటీ ఉన్న రోజుల్లో
ఖాకీ కోటు సంచిలో మడిచిపెట్టుకుని
నేనూ ఆ మెట్లెక్కుతాను.

సూరప్పడు మాస్టారు పెద్దగా మాట్లాడరు.
చాపల మధ్య నడుస్తారు, అంతే.
చిటికెన వేలు లేని ఆ కుడిపాదం
ఎక్కడ ఆగితే అక్కడ తప్పున్నట్టు.
ఒక ఆసనం కుదిరితేనే ఇంకొకటి ఇస్తారు.
కుదరకపోతే అక్కడికి కట్టిపెట్టి
వెల్లకిలా పడుకోవాలి.

మూడేళ్లుగా నేను మరీచి దగ్గరే దిగిపోతున్నాను.
ఒక కాలు పద్మం, ఒక మోకాలు నిటారు,
నడుం మెలిపడి, మోకాలిని చుట్టి వెనక్కి పోయిన చెయ్యి
రెండో చేతిని అందుకోవాలి.
మొదటేడాది జానెడు.
రెండో ఏడాది బెత్తెడు.
ఇప్పుడు రెండు వేళ్లు.
ఆ రెండు వేళ్ల సందులో
మా పలాస బండి రివర్సు తిప్పొచ్చు.

మొన్న ఉగాదికి చేరిన హైందవి, ఫార్మసీ చదివే పిల్ల,
ఆరు నెలల్లో నన్ను దాటి
చేతుల మీద తేలుతోంది, నీటికోడిలా.
చూపు ముక్కు కొన మీదే ఉంచమంటారు.
నా చూపు ఆ పిల్ల చాప మీదుంది.
అసూయకి మాత్రం వెన్ను భలే వంగుతుంది.

దాలమ్మకి ఇంకా నిలబడే ఆసనాలే దాటలేదు.
పొందూరు మనిషి, ఇక్కడ కూతురింట్లో ఉంటోంది.
రాట్నం ముందు నలభై ఏళ్లు కూర్చున్న నడుం.
"ఏటా బెంగ?" అంది, మెట్ల మీద చెప్పులేసుకుంటూ.
"సన్న నూలు నా సేతికి ఎప్పుడిచ్చింది మాయమ్మ?
పెళ్లయిన ఆరేళ్లకి.
అంతవరకూ వాలుగ దవడతోటి పత్తి దువ్వడమే.
దువ్వింది మాత్రం పని కాదేటి?"

ఆషాఢంలో ఒక వాన తెల్లారి
మేమిద్దరమే వచ్చాం, నేనూ మాస్టారూ.
ఆయన తన వరస తాను చేసుకుంటూ
ఒకచోట ఆగిపోయారు.
"అరవై నాలుగు నిండాయి కదమ్మా,
ఏడాదికొకటి తిరిగిచ్చేస్తున్నాను.
మెడ వెనక కాలు వేసుకునేది
పోయిన చలికాలం ఇచ్చేశాను."
ఎవరికండీ, అన్నాను.
"ఎవరి దగ్గర తెచ్చానో వాళ్లకే"
అని కిటికీకి టార్పాలిన్ కట్టడానికి లేచారు.

నిన్న, గురువారం.
హైందవి మోచెయ్యి సర్దుతూ ఆయన అటు తిరిగున్నారు.
నా మధ్యవేలి గోరు
ఇంకో గోరుని తాకింది.
జారింది. మళ్లీ వచ్చి
కొక్కెంలా పట్టుకుంది.
అయిదు ఊపిర్లు.
ఎవరికీ చెప్పలేదు.
రోజంతా టికెట్ మిషను నొక్కుతూ
ఆ వేలినే చూసుకున్నాను.
నరసన్నపేటలో ఒక ముసలాయన
చిల్లర తక్కువిచ్చానని తిడితే
నవ్వు ఆపుకోలేకపోయాను.

ఇవాళ పద్మం వెయ్యకముందే
"నిన్న కలిసినట్టున్నాయి" అన్నారు.
మీరు అటు చూస్తున్నారు కదండీ?
"ఏ స్టేజీలో ఎవరు దిగుతారో
వాళ్లు లేవకముందే నీకు తెలీదేటి?"

తర్వాతది ఇచ్చారు.
నావాసనం. పిర్రల మీద కూర్చుని
కాళ్లు గాల్లోకి, చేతులు మోకాళ్ల పక్కకి,
అయిదుసార్లు.
మొదటిసారికే పడవ మునిగింది.
పొట్ట వణికి, తొడలు వణికి,
పక్కకి ఒరిగి దాలమ్మ చాప మీద పడ్డాను.
ఆవిడ ఫక్కుమంది.
మాస్టారు నవ్వలేదు. "రేపు" అన్నారు.

ఆరుంబావు బండి.
ఆమదాలవలస దాటాక గేటు పడింది.
గూడ్సు. పెట్టెలు లెక్కపెట్టడం నాకలవాటు,
ముప్ఫై దాకా పెట్టి మరిచిపోయాను.
కమ్మీ పట్టుకోకుండా నడిమధ్య నిలబడ్డాను,
భుజాన చిల్లర సంచి, కోటు లోపల
ఇంకా వణుకుతున్న పొట్ట.
గూడ్సు పోతున్నంతసేపూ
మా అద్దాలు కూడా వణికాయి.

"ఇంకెంతసేపమ్మా?"
వెనక సీట్లోంచి ఎవరో.
తెలీదన్నాను.