గూడ్సు బండి వచ్చేదాకా

దాలినాయుడు స్విచ్ బోర్డు విప్పి
లోపలికి టార్చి కొట్టి
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత రెండు వేళ్ళతో ఓ తీగ బయటికి లాగి
నా అరచేతిలో పెట్టాడు.
తొడుగు అప్పడంలా పొడైపోయింది.
"దీనిమీద ఏసీయా బావూ?
ఇది ఫేనుకే దణ్ణం పెడతంది."

కంచరపాలెం, గేటు దాటాక మూడో సందు.
మాకు సముద్రం కనిపించదు,
ఉప్పు మాత్రం వస్తుంది.
కిటికీ ఊచల మీదికి, మెడ వెనక్కి,
బోర్డు స్క్రూల మీద చిలుమై.

లోపలి గదిలో ఎస్తేరు పడుకుంది.
రాత్రంతా ఎముకల వార్డు,
పొద్దున్న తొమ్మిదికి ఇల్లు.
ఊరంతా చెమటలు కక్కే వేళ
ఆమెకు అర్ధరాత్రి.
ఆ అర్ధరాత్రి మీద ఎండ నిట్టనిలువునా పడుతుంది.
ఏసీ అందుకే. పన్నెండు వాయిదాలు.

మీటరు కాణ్ణించి వేరే లైను,
నాలుగు ఎమ్మెమ్ రాగి వైరు,
ఇరవై ఏంపుల ట్రిప్పరు, కొత్త ఎర్తు గుంట.
అతను చెబుతుంటే కరెంటు బిల్లు వెనక
నేను కూడికలు వేస్తున్నాను.
అతను తలుపు వైపు చూస్తున్నాడు.
"అమ్మ పడుకున్నారా?"
"నైటు డ్యూటీ."
డ్రిల్లు తిరిగి సంచిలో పెట్టేశాడు.
"అలాగైతే గూడ్సు టయానికి సూద్దాం."

కుర్రాడు అసిరి మేడెక్కి
పిట్టగోడ మీద కూచున్నాడు.
కేక వేయకుండా చెయ్యి ఊపాడు.
ఇనుప రాయి మోస్తూ ఒక్కో పెట్టే వస్తుంటే
అలమరలో గ్లాసులు ఒకదాన్నొకటి తాకుతుంటే
దాలినాయుడు గోడకి డ్రిల్లు ఆనించాడు.
ఎర్రటి పొడి అతని కనుబొమ్మల మీద.
గార్డు పెట్టె దాటేసరికి ఆపేశాడు.
లోపల ఎస్తేరు అటు నుంచి ఇటు తిరిగింది, అంతే.
ఆ చప్పుడు పక్కనే కాపురం
పద్నాలుగేళ్ళుగా.

తర్వాతి గూడ్సు ముప్పావుగంటకి.
ఈలోగా పెరట్లో గుంట తవ్వారు.
ఇస్త్రీ బండి గురవయ్యని అడిగి బొగ్గులు తెచ్చాను,
కొట్టుకెళ్ళి గల్లుప్పు తెచ్చాను.
గాలి ఊరికే ఇచ్చే ఉప్పు
మూడు కిలోలు డబ్బిచ్చి కొన్నాను.
"వారానికో చెంబు నీళ్ళు పొయ్యండి,
ఎర్తు ఎండిపోకూడదు."

టీ తాగుతూ అన్నాడు, అడక్కుండానే,
"మాయావిడ రొయ్యల కంపెనీలో బావూ.
రాత్రంతా అయిసులో సేతులు.
పగలు రేకుల కింద నిద్ర.
నాను రేకు మీద తడి గోనెలు పరిసొస్తాను.
గంటకే ఆరిపోతాయి."
గ్లాసు కడిగి బోర్లించాడు.

కలుపులకి మెయిను ఆపాలన్నాడు.
ఫేను ఇంకా నాలుగు చుట్లు తిరిగింది,
ఆపైన ఒక రెక్క ఆమె ముఖం మీదుగా ఆగిపోయింది.
విసనకర్ర దొరకలేదు.
మా నాన్న మోకాలి ఎక్స్‌రే దొరికింది.
దాంతో విసిరాను.
నల్లటి ఫిలిం గలగలమంటుంటే
అందులోని తెల్లటి మోకాలు
వెలుతురులోకీ చీకట్లోకీ నడిచింది.
నిద్రలోనే అంది:
"తొమ్మిదో బెడ్డు... సెలైను..."
"మార్చేశాను," అన్నాను.
కుడిచెయ్యి పడిపోతే ఎడమచెయ్యి.
ఓసారి దాలినాయుడు గుమ్మంలోకి వచ్చాడు,
టెస్టరు నోట్లో పెట్టుకుని.
చూసి, వెనక్కెళ్ళి
కుర్రాణ్ణి "బేగి కానీరా" అని కసిరాడు, గుసగుసగానే.

మొత్తం నాలుగు గూడ్సులు పట్టాయి.
పూట పని రోజంతా అయినా
చెప్పిన కూలికి రూపాయి పెంచలేదు.
నేనిచ్చిన వంద కుర్రాడి జేబులో పెట్టాడు.

అయిదున్నరకి ఎస్తేరు లేచింది.
గోడ వెంట తెల్లటి పట్టీ చూసి
వేలితో చివరిదాకా వెళ్ళింది.
అక్కడ మూడు కొసలు, ఎరుపూ నలుపూ ఆకుపచ్చా,
టేపు చుట్టుకుని ఉన్నాయి.
"ఎప్పుడు కొట్టారివి?"
"నువ్వున్నప్పుడే."
నమ్మలేదు. జడ వేసుకుంటూ ఇంకోసారి చూసింది.

ఏసీ శుక్రవారం వస్తుందట.
ఆమె డ్యూటీకి వెళ్ళాక
చెంబుడు నీళ్ళు గుంటలో పోసి లోపలికొచ్చాను.
ఏడింటి గూడ్సు వచ్చింది.
గ్లాసులు ఎప్పటిలాగే తాకాయి.
డ్రిల్లు లేకుండా ఆ చప్పుడు
ఎందుకో సగమే అనిపించింది.