కానుక సంచి

ఒబుంగాలో చేప వెన్నెముక మిగిలినా అమ్ముడుపోతుంది.
మాంసమంతా ఫ్యాక్టరీలోంచి విమానమెక్కి పోయాక
తలా ముల్లూ మా వంతు.
చర్మం మాత్రం ఎవరికీ పట్టదు.
దాన్ని తోలు చేస్తానని బయల్దేరినదాన్ని నేను,
పెరెస్ అడోంగోని.

మొదటి ఏడు రెండొందల పన్నెండు చర్మాలు కుళ్ళాయి.
సున్నం ఎక్కువైందో, ఓపిక తక్కువైందో.
బొప్పాయి రసంలో నానేస్తే మెత్తబడతాయన్నారు.
మెత్తబడి మెత్తబడి నీళ్ళైపోయాయి.
వాడలో పిల్లలు నాకో పేరు పెట్టారు,
అది ఇక్కడ రాయను.

తర్వాత అప్పు చేసి సీసాల రసాయనం కొన్నాను.
నైరోబీ చెప్పుల దుకాణం వాళ్ళు
నలభై తోళ్ళు వెనక్కి పంపారు.
పెట్టె మీద ఒకే మాట: వాసన.
ఆ రాత్రి నా చేతులు నేనే వాసన చూసుకున్నాను.
నిమ్మచెక్క రుద్దుకుని
మళ్ళీ చూసుకున్నాను.

బ్యాంకు కాగితంలో ఒక గడి ఉంటుంది, వృత్తి అని.
పేరు రాశాను, పుట్టిన ఊరు రాశాను,
అక్కడికొచ్చి పెన్ను ఆగింది.
వెనక వరుసలో ఎవరో దగ్గారు.
కాగితం మడిచి సంచిలో కుక్కుకుని వచ్చేశాను.

అనుమానం సైతాను గొంతుతో వస్తుందనుకునేదాన్ని.
కాదు. నా గొంతుతోనే వస్తుంది, నా యాసలోనే.
లెక్కల పుస్తకం తిరగేస్తూ
బడి సగంలో మానేసినదానివి, నీకెందుకమ్మా ఇదంతా అని
ఎంతో ప్రేమగా అడుగుతుంది.

ప్రార్థన చేయలేదనను.
చీకట్లో సరస్సు ఒడ్డున నిలబడి
ప్రభువా, చేపలు పట్టేవాళ్ళనే ఏరుకున్నావు కదా,
చేప తొక్క సంగతి నీకు తెలీదా అని
గట్టిగానే దెబ్బలాడాను.
నీళ్ళ మీద గుర్రపుడెక్క కాస్త కదిలింది.
అంతే.

శనివారం చర్చి ఊడ్చే వంతు నాది.
బెంచీల కింద వేరుశనగ పొట్టు,
ఎవరి పసిబిడ్డదో ఒంటి మేజోడు,
వేదిక పక్కన మేకుకి కానుక సంచి.

మూడేళ్ళ కింద నేను కుట్టిందే.
చేతికి దక్కిన మొదటి తోలు.
ప్రథమఫలం అనడానికి సిగ్గేసి
ఊరికే ఉంచండి అంటూ
సంఘపెద్ద జబ్లోన్ చేతిలో పెట్టి పారిపోయాను.
ఆదివారం ఆ సంచి నా దాకా వచ్చినప్పుడల్లా
కళ్ళు మూసుకుని నాణెం వేసి పక్కకి దాటించేదాన్ని.
చూసినవాళ్ళు భక్తి అనుకున్నారు.

ఆ సాయంత్రం మేకు మీంచి తీశాను.
ఎన్ని చేతులు మారిందో.
పడవ ఇంజన్లు బాగుచేసేవాళ్ళ గ్రీజు,
మొక్కజొన్న పిండి,
కళ్ళు తుడుచుకుని చాచిన వేళ్ళ తడి.
అంచులు నల్లబడి మెరుస్తున్నాయి.
ఒక్క కుట్టు జారలేదు.
ఎవరైనా చూస్తున్నారేమోనని తలుపు వైపు చూసి
సంచిలో ముక్కు పెట్టాను.
ఇనుము. చెమట. పాత నోట్లు.
చేప లేదు.
ఎక్కడా చేప లేదు.

చీపురుతో సహా కూలబడ్డాను.
దేవుడు మాట్లాడాడని సాక్ష్యం చెప్పను.
మూడేళ్ళుగా ఆయన దాన్ని వాడుకుంటున్నాడు,
నేను కళ్ళు మూసుకున్నంతసేపూ.

సగం బెంచీలు ఊడ్చకుండానే ఇంటికి పరుగెత్తాను.
దానికేం చేశానో గుర్తు తెచ్చుకోవాలి:
సీసాలు కొనే డబ్బు అప్పుడు లేదు,
తుమ్మ బెరడు ఏరుకొచ్చి ఉడకబెట్టాను,
సున్నం అరువు దొరికినంతే వేశాను,
వేరే పనేదీ లేక పదకొండు రోజులు తిరగేస్తూ కూర్చున్నాను.
లేమి నా చేత చేయించిన పని అది.
చేతిలో డబ్బాడగానే మర్చిపోయాను.

సోమవారం. తొట్టిలో కొత్త చర్మాలు.
అనుమానం మానలేదు, వేళకి వచ్చేస్తుంది.
స్టూలు జరిపి కూర్చోమంటాను,
ఒక కొస పట్టుకోమంటాను,
నేను గీస్తాను.
పొలుసు ఊడిన ప్రతిచోటా
చర్మం చిన్న జేబులా తెరుచుకుంటుంది,
వేలి కొన పట్టేంత.

బ్యాంకు కాగితం ఇంకా సంచిలోనే ఉంది,
మడత దగ్గర కొంచెం చిరిగి.
రేపు వెళ్తాను.
చేతులు కడుక్కోకుండా.